ఇంజిన్ కంప్యూటరూ, మూతిగుడ్డా

టర్బో కారుకు ఇంజిన్ కంప్యూటర్ మార్పించాలనుకునేవాళ్ళు మామూలుగా కొన్ని విషయాలు చూస్తారు. బలం ఎంత పెరుగుతుంది, ఇంజిన్ ఎన్నాళ్ళు తట్టుకుంటుంది, చేసేవాడు పని తెలిసినవాడేనా అని. నేను చూసింది ఒక్కటే. మా మేస్త్రీ బానెట్ ఎత్తితే కనబడుతుందా, కనబడదా. బళ్ళారి బజారులో మూడు తరాలుగా గుడ్డల వ్యాపారం మాది. నలభై దాటిన మనిషిని. అలాంటివాణ్ణి, ఒక మెకానిక్ కంటబడకుండా ఏది దాగుతుందో వెతికి మరీ దాన్ని ఎంచుకున్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ అన్నం తింటూ తింటూ చెయ్యి ఆగిపోతుంది.

మేము అమ్మేది పైకి కనబడే గుడ్డ కాదు. జీన్స్ ప్యాంట్లు కుట్టేవాళ్ళకు లోపల వేసే తెల్లగుడ్డ, జేబుగుడ్డ, పల్చటి మల్లు. సండూరు వైపు కుట్టుపని చేసేవాళ్ళకు వారానికి రెండుసార్లు నేనే కారులో వేసుకుపోయి ఇచ్చి వస్తాను. తారానగర్ దగ్గర ఇనుప ఖనిజం లారీలు బారులు తీరి పోతుంటాయి. తెల్లచొక్కాతో బయల్దేరినవాడు ఇటుకరంగు చొక్కాతో ఇల్లు చేరతాడు. ఆ దుమ్ము కళ్ళలో, పళ్ళలో, కారు సీటు కుట్లలో, అన్నిచోట్లా ఉంటుంది. మాకు అది ఒక సంగతి అని కూడా తోచదు.

మేస్త్రీది హగరి వైపు పల్లె. సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, కుర్రతనంలోనే ఊళ్ళోకి వచ్చి, మా నాన్న సరుకు వ్యాను బాగు చేయడంతో మా ఇంటికి అలవాటైనవాడు. ఇప్పుడు అరవై దాటాయి. ఊరి చివర హగరి దారిలో రేకుల షెడ్డు. నేను ఆయన్ని మేస్త్రీ అంటాను, ఆయన నన్ను అప్పా అంటాడు. మా సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారును దగ్గరుండి కొనిపెట్టింది ఆయనే. ఇంజిన్ చప్పుడు చెవి ఒగ్గి విని, "తీసుకోప్పా, నేను మాటిస్తాండా" అన్నాడు. ఆ మాట బజారంతా తెలుసు. ఆయన మాటిచ్చిన బండి అంటే మావాళ్ళు మళ్ళీ ఇంకొకరిని అడగరు.

ఆయనకు రెండు పద్ధతులుండేవి. మొదటిది మూతిగుడ్డ. సండూరు దారిలో తిరిగే ప్రతి బండికీ, ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం మూతికి రెండు మడతల మల్లు గుడ్డను నాడాతో బిగించి కట్టేవాడు. కుట్టేది ఆయన భార్య. ఆమె ఇంట్లోనే మిషన్ మీద జీన్స్ జేబులు కుడుతుంది. గుడ్డ మాత్రం మా కొట్టుదే. రెండు మూడు నెలలకోసారి వచ్చి కౌంటరు ముందు నిలబడి, "ఒక మీటరు మల్లు కోయప్పా" అనేవాడు. ఇంకో కొట్టు గుడ్డ ఎన్నడూ వాడలేదు. వేరేవాళ్ళది నేత వదులు, దుమ్ము దిగుతాది అనేవాడు. ఆ మాట నేను కొనుగోలుదార్లకు గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

రెండో పద్ధతి, నోరు మెదపకపోవడం. ఒక సావుకారి బండి సంగతి ఇంకో సావుకారి ముందు ఎత్తేవాడు కాదు. బజారులో మేమంతా ఎదురెదురుగా కొట్లు పెట్టుకుని, పైకి నవ్వుకుంటూ లోపల ఒకరినొకరు ఓ కంట కనిపెట్టేవాళ్ళం. ఎవరు అరిగిన టైర్లతో నెట్టుకొస్తున్నారో తెలిస్తే ఎవరి వ్యాపారం ఎట్లా ఉందో తెలిసిపోతుంది. అందుకని ఎవరు గుచ్చి గుచ్చి అడిగినా, "బాగుండాదప్పా" అని ఊరుకునేవాడు. ఇది గుర్తుపెట్టుకోండి. నేను చేసిన పనంతా దీని మీదే ఆధారపడి చేశాను.

కథ మొదలైంది సిరిగేరిలో. అది మా అత్తగారి ఊరు. ఒక నామకరణానికి పోయి, అందరం కార్లలో బళ్ళారికి తిరిగొస్తున్నాం. మా తోడల్లుడు కొత్తగా కొన్న పెట్రోల్ టర్బో కారులో, హారన్ కూడా కొట్టకుండా నన్ను దాటి పోయాడు. నేను ఎంత తొక్కినా వరిపొలాల మధ్య ఆ కారు వెనక దీపాలు చిన్నవవుతూ పోయాయి. ఊరి బయట టీ కొట్టు దగ్గర వాళ్ళు దిగి, టీలు తాగేసి, గ్లాసులు పక్కన పెట్టుకుని మాకోసం కూర్చుని ఉన్నారు. నేను దిగేసరికి వాడు తీరిగ్గా అడిగాడు. "ఏమప్పా, దారిలో వడ్లు కోసుకోని వస్తాండావా ఏంది?" ఆడవాళ్ళంతా నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నవ్వాల్సిన మాటే. కానీ ఆ నవ్వు నాకు నెల రోజులు అరగలేదు.

ముందు మేస్త్రీనే అడిగాను, అంత మాత్రం బుద్ధి ఉండింది. షెడ్డులో బల్ల మీద కూర్చుని, ఏదో మాటల్లో వచ్చినట్టు, "మేస్త్రీ, ఈ కంప్యూటర్ ట్యూనింగ్ అంటాండారు గదా, మన గాడికి చేయిస్తే ఎట్లుంటాది?" అన్నాను. మా వైపు బండిని గాడి అంటారు.

ఆయన చేతిలో పానా కింద పెట్టాడు. "చూడప్పా, టర్బో అంటే ఊపిరి. బలం ఎక్కువ కావల్లంటే ఊపిరి ఎక్కువ పీల్చల్ల. మన గాడి పీల్చేది యాడ? సండూరు దారిలో. గాలి ఎంత పోతాదో ధూళు అంత పోతాది. బెంగళూరోళ్ళకు సరే. మనకు బేడ, వద్దప్పా."

"మధ్యలో తగిలించే డబ్బా ఒకటి ఉండాదంట. అదైతే?"

"డబ్బా పని ఏంది? కంప్యూటర్‌కు అబద్ధం చెప్పేది. ఒత్తిడి ఇంత ఉండాదంటే, కాదు తక్కువే ఉండాదని చెప్తాది. పాపం అది నమ్మి ఇంకింత డీజిల్ పోస్తాది. నమ్మినోన్ని అట్ల చేసేది నాకు సరిపోదప్పా." పానా మళ్ళీ అందుకుని, "ఆ ఇంజిన్ గురించి బజారులో నేను మాటిచ్చినా. గాడిని ఉన్నట్ల ఉండనీ" అన్నాడు.

"సరేలే మేస్త్రీ, చేయించన్లే" అన్నాను. చాలా తేలిగ్గా అన్నాను.

ఆ తరువాత నెలంతా కొట్లో కౌంటరు కింద ఫోన్ పెట్టుకుని చదవడమే పని. గుడ్డ కొలిచేటప్పుడు కూడా ధ్యాస దాని మీదే. తేలిందేమంటే మూడు దారులున్నాయి. ఒకటి, ఆ డబ్బా. ఇంజిన్ వైర్ల మధ్య తగిలిస్తారు, కావాలంటే పీకేయవచ్చు. కానీ బానెట్ ఎత్తగానే పరాయి వైర్లు కనబడతాయి. మేస్త్రీ కన్ను పడకుండా ఉండదు. వద్దనుకున్నాను. రెండోది, ఉన్న కంప్యూటర్‌ను తీసేసి పూర్తిగా వేరే కంప్యూటర్ పెట్టడం. అది పందెం కార్లవాళ్ళ పని, వైరింగంతా కొత్తగా లాగాలి, మీటరు బోర్డు పనిచేస్తుందో లేదో కూడా తెలియదు. ఆ ఇబ్బందులేవీ నన్ను ఆపలేదు. ఆపింది ఒక్కటే, అది ఇంకా బాగా కనబడుతుంది.

మూడోది రీమ్యాప్. కంప్యూటర్ అదే, దాని పెట్టె అదే, స్క్రూలు అవే. లోపలి రాత మాత్రం మారుస్తారు. స్టీరింగ్ కింద సాకెట్‌లో ఒక వైరు గుచ్చి గంటలో చేసేస్తారు. బయటికి ఏ ఆనవాలూ ఉండదు. తెలిసినవాళ్ళు కూడా మా కారు లాంటిదానికి అదే మేలంటారు. కాబట్టి ఎవరైనా అడిగితే నేను చాలా ఆలోచించి మంచిదాన్నే ఎంచుకున్నానని చెప్పవచ్చు. నాకు నేను చెప్పుకున్నాను కూడా. నిజానికి అది మంచిదో చెడ్డదో నాకు పట్టలేదు.

గుడ్డ కొనుగోలుకని ఇంట్లో చెప్పి బెంగళూరు పోయాను. ట్యూనింగ్ చేసే అతను చిన్నవాడే అయినా ఓపిక గలవాడు. పని మొదలుపెట్టే ముందు డాక్టరు అడిగినట్టు ఒక్కొక్కటే అడిగాడు. రోజుకు ఎంత తిరుగుతుంది, బరువు వేస్తారా, ఎక్కడ తిరుగుతుంది. రెండు రకాలున్నాయని చెప్పాడు. ఒకటి బలం కొద్దిగా పెంచే మెత్తనిది, ఒకటి బాగా పెంచే గట్టిది. దుమ్ము ఎక్కువుండే దారులైతే మెత్తనిదే తీసుకోమన్నాడు. అన్నీ చెప్పాడు, ఏదీ దాచలేదు.

తరువాత బానెట్ ఎత్తి, గాలి గొట్టం మూతికి ఉన్న ఎర్రటి గుడ్డను చూసి, రెండు వేళ్ళతో పట్టుకుని, ఇదేమిటని అడిగాడు. ఆ షెడ్డు నేల అద్దంలా ఉంది. గోడకు పనిముట్లు వరసగా వేలాడుతున్నాయి. మా మేస్త్రీ భార్య కుట్టిన గుడ్డ, మా కొట్టు గుడ్డ, ఆ శుభ్రమైన చోట చిరిగిన లంగోటీలాగా కనబడింది నాకు. సిగ్గేసింది. ఏమన్నానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఏదో పల్లెటూరి మెకానిక్ కట్టాడు. తీసేయండి" అన్నాను. దుమ్ము దారుల్లో తిరుగుతారా అని మళ్ళీ అడిగాడు. లేదు, ఎక్కువ హైవేనే అన్నాను. గట్టిదే వేయమన్నాను. అతను గుడ్డను చెత్తబుట్టలో వేశాడు.

తిరుగుదారిలో ఎంత సంతోషపడ్డానో దాచను. తొక్కితే సీటు వీపును తోసింది. లారీలు పక్కకు జరిగి నాకు దారి ఇస్తున్నట్టే అనిపించింది. ఆ నెలలోనే సిరిగేరి దారిలో మా తోడల్లుణ్ణి దాటాను. హారన్ కొట్టకుండానే దాటాను. టీ కొట్టు దగ్గర దిగి, గ్లాసు సగం తాగి, వాడికోసం కాచుకున్నాను. వాడు దిగి కారు వైపు చూసి, "ఏం చేయించినావప్పా?" అన్నాడు. "ఏం లేదు. మా మేస్త్రీ చెయ్యి మంచిది" అన్నాను. మా ఆవిడ కళ్ళల్లో చిన్న గర్వం కనబడింది. ఆ ఒక్క టీ నాకు దక్కిన లాభం. అంతకు మించి ఏమీ లేదు.

కొన్నాళ్ళకు ఏదో చిన్న పనికి షెడ్డు ముందు ఆగితే మేస్త్రీ అలవాటు కొద్దీ బానెట్ ఎత్తాడు. "మూతిగుడ్డ యాడప్పా?" అన్నాడు. "ఎగిరిపోయిందేమో మేస్త్రీ" అన్నాను. నాడా బిగించి కట్టిన గుడ్డ ఎట్లా ఎగిరిపోతుందో ఆయన అడగలేదు. లోపల్నించి కొత్తది తెచ్చి కట్టాడు. ఊరు దాటి తొక్కేసరికి కారు నల్లపొగ కక్కి, ఆయాసపడింది. కొత్త రాతకు కావలసినంత గాలి ఆ గుడ్డలోంచి అందడం లేదు. అప్పుడన్నా నాకు వెలగాలి, ఆయన చెప్పిన ఊపిరి సంగతి. వెలగలేదు. కారు పక్కకు ఆపి గుడ్డ విప్పి డాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను. కారు మళ్ళీ హుషారుగా పరుగెత్తింది.

సర్వీసు దినం వచ్చింది. అప్పటికి ఆ గుడ్డ అరలో మడత నలగకుండా ఉంది. సండూరు దారిలో తిరిగిన మూతిగుడ్డ అంత తెల్లగా ఉంటే ఎవరూ నమ్మరు. ఇంత వయసొచ్చి నేను చేసిన పని చెప్తున్నాను. తారానగర్ దగ్గర రోడ్డు పక్క కారు ఆపి, గొంతుకూర్చుని, గుడ్డను చేతుల మీద పరిచి, ఎర్రదుమ్ము పిడికిళ్ళతో తీసి దాని మీద రుద్దాను. బడి ఎగ్గొట్టిన పిల్లాడు పలక మీద ఏదో గీసుకుని ఇంటికి పోయినట్టు. దారిన పోయే లారీ డ్రైవరు ఒకడు తల బయటపెట్టి చూశాడు. నేను రుద్దుతూనే ఉన్నాను. తరువాత దాన్ని గొట్టానికి బిగించి, చేతులు కడుక్కుని, షెడ్డుకు పోయాను.

మేస్త్రీ గుడ్డ విప్పాడు. ఎప్పుడూ విప్పి, దులిపి, పక్కన పెడతాడు. ఆ రోజు దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఫిల్టర్ తీసి పేపరు మీద తట్టాడు. కుప్పగా ఎర్రదుమ్ము రాలింది. ఆ కుప్ప వంక చూశాడు, గుడ్డ వంక చూశాడు. కొత్త ఫిల్టర్ వేసి, అదే గుడ్డను ఉతికి, పిండి, తిప్పి కట్టాడు. ఏ పని చేసినా కారును హగరి దాకా తోలి చూసుకునే అలవాటు ఆయనది. "ట్రయల్ వద్దులే మేస్త్రీ, అర్జెంటు పని ఉండాది" అన్నాను. "ఆయ్తప్పా" అని ఒప్పుకుని తాళం నా చేతిలో పెట్టాడు. బతికిపోయాననుకున్నాను. మలుపు తిరగగానే ఆగి, గుడ్డ విప్పి అరలో పడేశాను.

నెల దాటింది. సండూరు నుంచి వస్తుంటే, తారానగర్ ఇంకా రాకముందే, ఇంజిన్‌లోంచి ఈల వంటి చప్పుడు లేచింది. తరువాత ఊళ. వెనక తెల్లటి పొగ దారంతా కమ్మేసింది. కారు ఇక లాగలేదు. ఇంకో బండికి తాడు కట్టించి షెడ్డుకు ఈడ్పించాను. నా ఖర్మకు అక్కడ అప్పటికే ఇద్దరు బజారువాళ్ళున్నారు. పప్పుల వ్యాపారి ఒకడు, స్టీలు సామాన్ల కొట్టాయన ఒకడు. ఫోన్ చేస్తే మా తోడల్లుడూ వచ్చాడు. ముగ్గురూ చుట్టూ నిలబడ్డారు.

మేస్త్రీ ఫిల్టర్ పెట్టె తెరిచాడు. దుమ్ముతో బిగుసుకుపోయిన ఫిల్టర్ ఒక అంచున లోపలికి వంగి ఉంది. ఆ సందులోంచే దుమ్ము లోపలికి పోయిందని ఆయన చెప్పకుండానే నాకు అర్థమైంది. టర్బో విప్పి చేతిలో పట్టుకున్నాడు. గాలి తోసే చక్రం రెక్కలు ఎలుకలు కొరికినట్టు అంచులు తినేసి ఉన్నాయి. వేలితో తుడిస్తే ఎర్రటి బురద అంటింది. గొట్టం మూతి బోడిగా ఉంది. నేను అర మూత వంక చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తున్నాను.

స్టీలు కొట్టాయన అడిగాడు. "ఏమప్పా, పోయిన నెలనే కదా సర్వీసు చేయించినావు?"

"చేయించినా గదా" అన్నాను. మా తోడల్లుడు నా వంక చూస్తున్నాడు. కంప్యూటర్ మార్పించానని, మాట తప్పానని, గుడ్డ విప్పానని, ఏది చెప్పినా వాడు టీ కొట్టు దగ్గర నవ్వించిన నవ్వు మళ్ళీ వినాలి. ఆ నవ్వుకు బదులు నేను ఇంకోటి ఎంచుకున్నాను. "ఈడ్నే చేయించినా. ఏం ఆయిల్ పోసినాడో, ఫిల్టర్ ఎట్ల కూర్చోబెట్టినాడో, నాకేం తెలుసు" అన్నాను. ఆయన ముందే, ఆయన షెడ్డులోనే, ఆయన్ని వాడు వీడు అన్నట్టు మాట్లాడాను.

మేస్త్రీ తల ఎత్తి నన్ను చూశాడు. కోపంగా కాదు. ఏదో చెప్తానేమోనని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. నేను ఫోన్ వైపు తల వంచుకున్నాను. ఆయన టర్బోను గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టి, "గాడి ఈడ ఉండనీప్పా. నేను బాగు చేసిస్తా" అన్నాడు. అంతే. ఒకరి బండి సంగతి ఇంకొకరి ముందు ఎత్తడని నాకు తెలుసు. తెలిసే అన్నాను. నోరు తెరవడని నమ్మకం ఉన్న మనిషి మీదే నేను నింద వేశాను. ఇంకెవరైనా అయితే నాకు అంత ధైర్యం ఉండేది కాదు.

ఆ మాట బజారులో పాకడానికి ఎన్నో రోజులు పట్టలేదు. మేస్త్రీకి వయసైపోయింది, చూపు ఆనడం లేదు, కొత్త బండ్లు ఆయనకు అర్థం కావు అని ఎవరికి తోచింది వాళ్ళు కలిపారు. నేనేమీ కలపలేదు, కాదనీ అనలేదు. పప్పుల వ్యాపారి తన రెండు వ్యాన్లను వేరే షెడ్డుకు మార్చాడు. స్టీలు కొట్టాయన మార్చాడు. వాళ్ళను చూసి ఇంకొందరు. కొత్త టర్బో రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఆ దారిలో పోయినప్పుడల్లా షెడ్డు ముందు నా కారు ఒక్కటే కనబడేది. నలభై ఏళ్ళుగా మాటిస్తూ వచ్చిన మనిషి ఆ కారు పక్కన స్టూలు వేసుకుని ఊరకే కూర్చునేవాడు. నేను స్కూటరు వేగం తగ్గించకుండా పోయేవాణ్ణి.

కారు తయారైందని కబురు వచ్చాక, ఒక పొద్దున కొట్టు తెరవకముందే పోయాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూ పోయాను. ఆయన ఒక్కడే ఉన్నాడు. "మేస్త్రీ, తప్పంతా నాది. కంప్యూటర్ మార్పించినా. గుడ్డ విప్పేసినా. నీ మీద పెట్టినా" అన్నాను. ఏడుపు వచ్చేటట్టే ఉంది. చెప్పేశాను కదా, ఇక బరువు దిగుతుందని లోపల ఎక్కడో అనిపించింది కూడా.

ఆయన డాష్‌బోర్డు అర తెరిచి మూతిగుడ్డ తీశాడు. "తెలుసప్పా. సర్వీసు దినమే తెలిసె. మూడు తరాలుగా గుడ్డ యాపారం చేస్తాండారు మీరు. ధూళు బయట్నించి వస్తాదా, లోపల్నించి వస్తాదా? నువ్వు లోపలి పక్క రుద్దినావు. బయటి పక్క తెల్లగ ఉండె."

గుడ్డ చూడగానే ఏది పైవైపో ఏది లోపలివైపో కళ్ళు మూసుకుని చెప్పగలనని కొట్లో జంబాలు కొట్టేవాణ్ణి. "మరి ఆ దినం వాళ్ళ ముందర యానికి చెప్పలేదు మేస్త్రీ?" అన్నాను.

"నువ్వు చెప్తావని చూసినా." గుడ్డ మడత పెట్టి బల్ల మీద ఉంచాడు. "ఆ దినం నువ్వు మాట్లాడినప్పుడు ముగ్గురుండిరి. ఇప్పుడు ఈడ ఎవురుండారప్పా?"

చుట్టూ చూశాను, నిజంగానే. ఖాళీ షెడ్డు, నా కారు, ఆయన. ముగ్గురి ముందు తీసిన పరువును ఎవరూ లేనిచోట తిరిగి ఇవ్వడానికి వచ్చాను. ఆయనకు నా క్షమాపణతో పనిలేదు. "కంప్యూటర్‌ను ముందర ఉన్నట్ల రాపించుకో. అంతవరకు మెల్లగ తోలు" అని మాత్రం చెప్పి తాళం ఇచ్చాడు.

బెంగళూరు పోయి పాత రాత తిరిగి రాయించుకొచ్చాను. అది గంట పని. తరువాత బజారు మూల టీ కొట్టు దగ్గర ఆ ముగ్గురినీ పట్టుకుని జరిగిందంతా చెప్పాను. ఎర్రదుమ్ము రుద్దిన సంగతితో సహా చెప్పాను. స్టీలు కొట్టాయన నా భుజం తట్టి, "పెద్దాయన్ను కాపాడల్లని చెప్తాండావు. నీ మంచితనం తెల్దాప్పా మాకు" అన్నాడు. కాదు మొర్రో అన్నా వినలేదు. అబద్ధం చెప్పినప్పుడు ఒక్కసారికే నమ్మినవాళ్ళు, నిజం చెప్తే నన్ను మంచివాణ్ణి చేసి కూర్చోబెట్టారు. పప్పుల వ్యాపారి టీ ఊదుకుంటూ, "పోనీలేప్పా, ఆ కొత్త షెడ్డులో పని కుదురుకునింది" అన్నాడు. మా తోడల్లుడికి మాత్రం ఒక్కటే పట్టింది. "అంటే ఆ దినం నన్ను దాటింది ట్యూనింగ్ గాడి" అని నవ్వాడు. అన్నాళ్ళూ నేను భయపడిన నవ్వు అదే. రెండు క్షణాలు కూడా లేదు.

ఆయుధపూజ నాడు ఆయన చేతి కింద బాగుపడిన బండ్లన్నీ షెడ్డు ముందు వరసగా నిలబెట్టడం ఏళ్ళుగా ఉన్న పద్ధతి. హగరి దారి మలుపు దాకా ఉండేది వరస. ఈసారి నేను పొద్దున్నే కారు కడిగి తీసుకుపోయాను. నాతో కలిపి నాలుగే ఉన్నాయి. స్టీలు కొట్టాయన బండి ఒకటి వచ్చింది, అదీ నా బలవంతం మీద. మేస్త్రీ ఎప్పటిలాగే ఒక్కొక్క బండికి కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్లు ఎత్తి కొత్త మూతిగుడ్డలు కడుతూ వచ్చాడు. నా దగ్గరికొచ్చాడు. గుడ్డ మీద ఒక పక్క నల్లదారంతో చిన్న గుర్తు కుట్టి ఉంది.

"ఇదేంది మేస్త్రీ?"

"బయటి పక్క. తెలిసేదానికి మా ఇంటామె కుట్టింది."

తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి చేయాలని, ఆయనకు సాయం పట్టినట్టు గుడ్డ అంచు అందుకున్నాను. వేళ్ళకు తగలగానే తెలిసిపోయింది. దారం లావు, నేత పలుచన. మూడు తరాలుగా మా చేతుల మీద నలిగిన మల్లు కాదు అది. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన మా కౌంటరు ముందుకొచ్చి మీటరు గుడ్డ అడిగి ఎన్నాళ్ళయిందో.

"ఇది మన కొట్టు గుడ్డ కాదు" అన్నాను.

"కాదప్పా" అన్నాడు, నాడా బిగిస్తూ.

"నేత వదులుగా ఉండాది మేస్త్రీ. ధూళు దిగుతాది."

"దిగుతాది. అందుకే రెండు మడతలకు బదులు మూడు ఏయించినా" అని, ముడి వేసి, పక్క బండి దగ్గరికి పోయాడు.